ఎవరు గొప్ప, ఎవరికి అతిగా పేరు? ఫాంటసీ, హారర్, సైన్స్ ఫిక్షన్ రచయితలపై తెగని వాదం

1966లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభలో ఒక ప్రత్యేక హ్యూగో పురస్కారం ఇచ్చారు. అప్పటిదాకా వచ్చిన నవలామాలికలన్నిటిలో గొప్పది ఏదో తేల్చడానికి పెట్టిన పురస్కారమది. ఓటు వేసింది పాఠకులే. బరిలో టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’, రాబర్ట్ హైన్‌లైన్ భవిష్య చరిత్ర కథలు, ఎడ్గర్ రైస్ బరోస్ అంగారక నవలలు, ఇ. ఇ. స్మిత్ ‘లెన్స్‌మన్’ ఉన్నాయి. గెలిచింది మాత్రం ఐజాక్ అసిమోవ్ ‘ఫౌండేషన్’. బహుమతి టోల్కీన్‌కే వెళ్తుందని అసిమోవ్ కూడా అనుకున్నాడు. 1997లో బ్రిటన్‌లో వాటర్‌స్టోన్స్ పుస్తక దుకాణాలూ చానల్ 4 టీవీ కలిసి శతాబ్దపు మేటి పుస్తకం ఏదని పాఠకులను అడిగినప్పుడు టోల్కీన్ మొదటి స్థానంలో నిలిచాడు. క్లీవ్‌లాండ్‌లో టోల్కీన్‌తో పాటు ఓడిన ఇ. ఇ. స్మిత్‌ను ఈ రోజు చదివేవారు బాగా తగ్గిపోయారు.

ఒక తరం శిఖరాన పెట్టిన రచయితను తర్వాతి తరం కిందికి దించడం ఏ సాహిత్యంలోనైనా జరిగేదే. ఈ మూడు ప్రక్రియల్లో మాత్రం ఆ గొడవ మరింత తీవ్రంగా సాగుతుంది. ‘ఈ రచయితకు అర్హతకు మించిన పేరు వచ్చింది’ అని ఒకరంటే, ఆ పేరు తెచ్చిపెట్టిన పాఠకులు దాన్ని తమ మీద దాడిగానే తీసుకుంటారు. ఎందుకలా అన్నది ఆ పేర్లు పుట్టిన తీరులోనే కనిపిస్తుంది.

పేర్లు పుట్టిన చోటు

‘వియర్డ్ టేల్స్’ 1923లో, ‘అమేజింగ్ స్టోరీస్’ 1926లో మొదలయ్యాయి. చవక కాగితం మీద అచ్చయ్యే ఈ పత్రికలను పండితులెవరూ పట్టించుకోలేదు. ‘అమేజింగ్’ సంపాదకుడు హ్యూగో గెర్న్స్‌బాక్ పాఠకుల ఉత్తరాలను వారి చిరునామాలతో సహా వేశాడు. ఆ చిరునామాలు పట్టుకుని పాఠకులు ఒకరికొకరు రాసుకున్నారు, సంఘాలు పెట్టుకున్నారు, సొంత చిన్న పత్రికలు నడిపారు. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సభ జరిగింది. 1953లో గెర్న్స్‌బాక్ పేరునే తీసుకుని హ్యూగో పురస్కారాలు మొదలయ్యాయి. విశ్వవిద్యాలయాల వైపు నుంచి గట్టి పరిశీలన మొదలయ్యేసరికి, అంటే కింగ్స్‌లీ ఏమిస్ ‘న్యూ మ్యాప్స్ ఆఫ్ హెల్’ వచ్చిన 1960 నాటికి, పెద్ద పేర్లు ఏవో పాఠకులు ముందే ఖాయం చేసేశారు.

అందువల్ల ఇక్కడ విమర్శకుడు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చిన అతిథే. అతని తీర్పును పాఠకులు అనుమానంగా చూశారు, అతనూ పాఠకుల ఓటును చిన్నచూపు చూశాడు. సైన్స్ ఫిక్షన్‌లో నూటికి తొంభై పాళ్ళు చెత్తే అన్న నిందకు 1950లలో రచయిత థియోడర్ స్టర్జన్ ఇచ్చిన జవాబు అందరికీ తెలిసిందే: ఏ రంగంలోనైనా తొంభై పాళ్ళు చెత్తే ఉంటుంది. ప్రక్రియను కాపాడటానికి ఈ జవాబు బాగా పనికొచ్చింది. ఆ మిగిలిన పది పాళ్ళలో ఎవరున్నారో తేల్చుకోవడానికి మాత్రం ఇది సాయపడదు. అసలు కొట్లాట అక్కడే ఉంది.

టోల్కీన్: తీర్పు నిలబడని కేసు

‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954, 1955 సంవత్సరాల్లో మూడు భాగాలుగా వచ్చింది. డబ్ల్యు. హెచ్. ఆడెన్, సి. ఎస్. లూయిస్ తలకెత్తుకున్నారు. 1956లో ‘ది నేషన్’ పత్రికలో విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ దాన్ని పిల్లల పుస్తకం అదుపు తప్పి పెరిగిందన్న ధోరణిలో కొట్టిపారేశాడు. 1961లో లూయిస్ టోల్కీన్‌ను నోబెల్‌కు ప్రతిపాదించాడు. యాభై ఏళ్ళ గోప్యత ముగిసి కాగితాలు బయటపడ్డాక, కథన ప్రమాణం చాలదని కమిటీలో ఆండర్స్ ఓస్టర్‌లింగ్ తోసిపుచ్చిన సంగతి తెలిసింది. 1997 ఓటు ఫలితం చూసి జెర్మైన్ గ్రియర్ తన పీడకల నిజమైందని బాధపడింది. దానికి జవాబుగా టామ్ షిప్పీ టోల్కీన్‌ను శతాబ్దపు రచయితగా నిలబెడుతూ 2000లో ఒక పుస్తకమే రాశాడు.

బయటివాళ్ళ ఈ దాడుల్లో పస తక్కువ. వాటిలో చాలావరకు పుస్తకాన్ని దాని సొంత లెక్కలో చదవకుండానే పుట్టాయి. ప్రాచీన ఇంగ్లీషు, నార్స్ గాథల పండితుడు రాసిన కథను ఆధునిక మనోవిశ్లేషణ నవలగా తూచితే ముల్లు ఎటూ కదలదు. లోపలివాళ్ళ దాడి అలాంటిది కాదు. 1978లో ఫాంటసీ రచయిత మైకేల్ మూర్‌కాక్ రాసిన ‘ఎపిక్ పూ’ వ్యాసం టోల్కీన్ వచనంలో జోలపాట గుణం ఉందనీ, ఇంగ్లండ్ పల్లెటూరి మధ్యతరగతి భయాలను అది నిమురుతుందనీ వాదించింది. చైనా మియేవిల్ కొత్తలో అంతకన్నా ఘాటుగా తిట్టాడు. టోల్కీన్ తర్వాతి రచయితలంతా అతని నీడలోనే చిక్కుకున్నారన్నది అతని ఫిర్యాదు. అదే మియేవిల్ 2009లో టోల్కీన్‌లో తనకు నచ్చే ఐదు విషయాలను శ్రద్ధగా రాశాడు. వాటిలో రాక్షస సృష్టి ఒకటి, నార్స్ గాథల బలం ఇంకొకటి.

మియేవిల్ మాట మార్చాడని దీన్ని తీసిపారేయకూడదు. మధ్య కాలంలో అతను ‘పెర్డీడో స్ట్రీట్ స్టేషన్’ లాంటి నవలలు రాశాడు. పచ్చని పల్లెకు బదులు మురికి నగరం, రాజవంశాలకు బదులు కూలీల సమ్మెలు పెట్టి ఇంకో రకం ఫాంటసీ సాధ్యమని చూపించాడు. అది చూపించాక టోల్కీన్‌తో తగువు తీరిపోయింది. ఈ వాదం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఇదే: ఈ ప్రక్రియల్లో మంచి విమర్శ తరచూ మరో కథ రూపంలో వచ్చింది.

లవ్‌క్రాఫ్ట్: ప్రతిభ, విషం

హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ 1937లో నలభై ఆరేళ్ళకే చనిపోయాడు. బతికుండగా వచ్చిన పుస్తకం ఒక్కటే, ‘ది షాడో ఓవర్ ఇన్స్‌మత్’, అదీ చాలా తక్కువ ప్రతులతో. ఇవాళ ఆయన గొప్ప కృతిగా చెప్పుకొనే ‘అట్ ది మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’ను ‘వియర్డ్ టేల్స్’ తిప్పి పంపింది. పెద్ద ప్రచురణకర్తలు ఆయన కథలను కాదంటే ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రే అనే ఇద్దరు స్నేహితులు 1939లో ఆర్కమ్ హౌస్ అనే సొంత సంస్థ పెట్టి అచ్చు వేశారు. 1,268 ప్రతులు. ఆ మొదటి ముద్రణ అమ్ముడుపోవడానికి ఏళ్ళు పట్టింది.

1945లో ‘న్యూయార్కర్’లో ఎడ్మండ్ విల్సన్ ఆయన మీదా పడ్డాడు. టోల్కీన్ విషయంలో గురి తప్పిన విల్సన్ ఇక్కడ కొంత సరిగ్గానే కొట్టాడు. ఘోరం, భీకరం, అవాచ్యం అంటూ విశేషణాలు పేర్చి భయం పుట్టించబోవడం లవ్‌క్రాఫ్ట్ నిజమైన బలహీనత. అయితే మనిషిని ఏ మాత్రం లెక్కచేయని విశ్వం, దాన్ని తెలుసుకోవడమే శాపం కావడం అనే ఊహను అంత శక్తితో ఆయనకు ముందు ఎవరూ కథగా మలచలేదు. వాక్యం బలహీనమై ఊహ బలమైనప్పుడు రచయిత స్థాయి ఎంత? విల్సన్‌కు ఈ ప్రశ్నే తట్టలేదు. 2005లో అమెరికా సాహిత్య ప్రామాణిక గ్రంథమాల అయిన లైబ్రరీ ఆఫ్ అమెరికా లవ్‌క్రాఫ్ట్ సంపుటాన్ని వేసింది. అలా చూస్తే ఆ పూట తీర్పు ఊహ పక్షానే వచ్చింది.

అసలు గొడవ తర్వాత వచ్చింది. 1975లో మొదలైన వరల్డ్ ఫాంటసీ పురస్కారానికి లవ్‌క్రాఫ్ట్ తల బొమ్మనే జ్ఞాపికగా ఇచ్చేవారు. 2011లో నైజీరియా మూలాలున్న అమెరికన్ రచయిత్రి నెడి ఒకొరాఫోర్ ఆ బహుమతి గెలుచుకుంది. నల్లజాతివారిని మనుషులకన్నా తక్కువగా చిత్రిస్తూ 1912లో లవ్‌క్రాఫ్ట్ రాసిన పద్యం గురించి ఆమెకు ఆ తర్వాత తెలిసింది. తన ఇంట్లో తనకు దక్కిన గౌరవం ఆయన ముఖంతో ఉండటం ఎలాంటిదో ఆమె బహిరంగంగా రాసింది. 2014లో డేనియల్ హోసే ఓల్డర్ ఆ స్థానంలో నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ బొమ్మ పెట్టాలని అర్జీ నడిపాడు. 2015 నవంబరులో నిర్వాహకులు పాత బొమ్మను మానేస్తున్నట్టు ప్రకటించారు. బట్లర్ బొమ్మ రాలేదు, తర్వాత చెట్టూ చంద్రుడూ ఉన్న కొత్త రూపం వచ్చింది. లవ్‌క్రాఫ్ట్ మీద జీవితకాలం పని చేసిన పండితుడు, పుణెలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎస్. టి. జోషి, నిరసనగా తనకు వచ్చిన పురస్కారాలు వెనక్కి ఇచ్చేశాడు.

ఇక్కడ రెండు పక్షాలూ రెండు వేర్వేరు విషయాల గురించి మాట్లాడాయి. జోషి కాపాడినది కథల స్థాయిని. ఒకొరాఫోర్ అడిగినది ఒక బహుమతి ఎవరి ముఖం పెట్టుకోవాలని. బొమ్మ తీసేసినంత మాత్రాన ‘ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్’ కథకు ఏ లోటూ రాలేదు. కాబట్టి నిర్వాహకులు చేసింది సబబే. కానీ కథలకూ ఆ జాతి ద్వేషానికీ సంబంధం లేదన్న సమర్థన మాత్రం నిలవదు. ఇన్స్‌మత్ కథలో భయం పుట్టేదే సంకర రక్తం గురించి. న్యూయార్క్ వలసవాసుల మీద ఆయనకున్న జుగుప్స తీసేస్తే ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’లో ఏమీ మిగలదు.

ఆ రెడ్ హుక్ కథనే తీసుకుని విక్టర్ లవాల్ 2016లో ‘ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’ రాశాడు. అదే వీధులు, అదే కాలం. కథ నడిచేది మాత్రం హార్లెమ్‌లోని ఒక నల్లజాతి యువకుడి కళ్ళతో. విశ్వం మనిషిని పట్టించుకోదన్న ఆలోచన, పోలీసుతో వచ్చిన ప్రైవేటు డిటెక్టివ్ చేతిలో తండ్రిని పోగొట్టుకున్న కుర్రవాడికి కొత్త భయమేమీ కాదు. పుస్తకాన్ని లవాల్ లవ్‌క్రాఫ్ట్‌కే, తన పరస్పర విరుద్ధ భావాలతో సహా, అంకితమిచ్చాడు. లవ్‌క్రాఫ్ట్‌కు అర్హతకు మించిన పేరు వచ్చిందా అన్న ప్రశ్నకు పుట్టెడు వ్యాసాలు చెప్పలేనిది ఈ చిన్న నవల చెప్పింది. ఆయన ఊహ ఎంత దూరం వెళ్తుందో, ఎక్కడ గుడ్డిదవుతుందో రెండూ అందులో కనిపిస్తాయి.

స్టీఫెన్ కింగ్, ఒక రాత్రి వేదిక

కింగ్ విషయం పొట్టిగానే చెప్పొచ్చు. 2003లో నేషనల్ బుక్ ఫౌండేషన్ ఆయనకు అమెరికన్ సాహిత్యానికి చేసిన సేవకు పతకం ఇచ్చింది. చవకబారు కథల రచయితకు ఇంత గౌరవమా అని విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ మండిపడ్డాడు. ప్రజలు చదివే రచనకూ సాహిత్యమనిపించుకునే రచనకూ మధ్య వారధి కట్టమని కింగ్ వేదిక మీద కోరాడు, చదవదగిన రచయితల పేర్లు కొన్ని చెప్పాడు. అదే రాత్రి నవలా బహుమతి అందుకున్న షర్లీ హజర్డ్, మాకు పఠన జాబితాలు ఇవ్వనక్కర్లేదన్న అర్థం వచ్చేలా బదులిచ్చింది.

దీన్ని పండితులకూ పామరులకూ మధ్య యుద్ధంగా చెప్పడం అలవాటైపోయింది. బ్లూమ్ ఫాంటసీ ద్వేషి కాడని చాలామందికి తెలియదు. 1979లో తానే ‘ది ఫ్లైట్ టు లూసిఫర్’ అనే ఫాంటసీ నవల రాశాడు. ప్రామాణిక గ్రంథాల జాబితాలో ఉర్సులా లె గ్విన్‌నూ జాన్ క్రౌలీనీ చేర్చాడు. పైగా కింగ్ మీద గట్టి విమర్శ హారర్ లోపలినుంచే వచ్చింది. కింగ్‌కు అమ్మకాలవల్ల వచ్చిన ఖ్యాతి ఎక్కువనీ, షర్లీ జాక్సన్, రామ్సే క్యాంప్‌బెల్, థామస్ లిగోటీ అసలు సిసలు రచయితలనీ జోషి వాదించాడు. నాకు జోషి జాబితా నచ్చుతుంది, కింగ్ మీద అతని తీర్పు నచ్చదు. చిన్న ఊళ్ళ మనుషులను, ముఖ్యంగా పిల్లలను, భయం తాకకముందే నమ్మదగినట్టు నిలబెట్టడంలో కింగ్ నేర్పు అరుదైనది. లవ్‌క్రాఫ్ట్‌కు పూర్తిగా లేనిది అదే.

అసిమోవ్, హైన్‌లైన్, వాళ్ళ వెనకున్న సంపాదకుడు

అసిమోవ్, హైన్‌లైన్, ఆర్థర్ సి. క్లార్క్. ఈ త్రయం దశాబ్దాలపాటు సైన్స్ ఫిక్షన్‌కు మారుపేరు. కొత్త పాఠకులు ‘ఫౌండేషన్’ తెరిచి నిరాశపడటం మామూలే: గదిలో కూర్చుని మాట్లాడుకునే మగవాళ్ళు, ముఖం గుర్తుండని పాత్రలు. 1980లలో కొనసాగింపు రాయడానికి ముందు తన పాత పుస్తకాలను మళ్ళీ చదివిన అసిమోవ్ కూడా, ఏదో జరుగుతుందని ఎదురుచూస్తే అంతా సంభాషణే ఉందని ఒప్పుకున్నాడు. ఆ కథల ఆకర్షణ వేరే చోట ఉంది. ఒక మహాసామ్రాజ్యం పతనాన్ని గణితంతో ముందే చెప్పవచ్చన్న ఊహకు 1940ల పాఠకులు లోబడ్డారు. ఆ ఊహ ఇప్పటికీ పని చేస్తోంది, వచనం పాతబడింది. అసిమోవ్‌ను ఇప్పుడు శిఖరం మీద పెట్టడం కష్టం, పునాది నుంచి తీసేయడం అసాధ్యం.

హైన్‌లైన్ కథ ఇంకా చిక్కు. నాలుగు నవలలకు హ్యూగో, సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం నుంచి మొట్టమొదటి గ్రాండ్ మాస్టర్ బిరుదు. 1959 నాటి ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ సైనిక సేవ చేసినవారికే ఓటు హక్కుండే సమాజాన్ని మెచ్చుకుంటుందని అప్పటినుంచీ తిట్లు. 1965లో హ్యారీ హ్యారిసన్ వెక్కిరింపు నవల రాశాడు. వియత్నాంలో గాయపడి వచ్చిన జో హాల్డ్‌మన్ 1974లో ‘ది ఫరెవర్ వార్’ రాశాడు. ఎగతాళి లేదు. అదే కవచం, అదే నక్షత్ర యుద్ధం, కానీ ఇంటికి తిరిగొచ్చేసరికి శతాబ్దాలు గడిచిపోయి ఉంటాయి, యుద్ధానికి అసలు కారణమే లేదని తేలుతుంది. ఆ నవలను హైన్‌లైన్ కూడా మెచ్చుకున్నాడు.

వీళ్ళ పేరులో సంపాదకుడు జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ వాటా ఎంత అన్నది ఆలస్యంగా మొదలైన చర్చ. 1937 చివరినుంచి ‘అస్టౌండింగ్’ పత్రికను నడిపి ఈ తరాన్ని తయారు చేసింది ఆయనే. ఏ కథ రావాలో, ఏది రాకూడదో నిర్ణయించిందీ ఆయనే. 2018లో అలెక్ నెవాలా-లీ రాసిన చరిత్ర ఆయన జాతి వివక్షనూ, సభల్లో స్త్రీల పట్ల అసిమోవ్ అసభ్య ప్రవర్తననూ దాచకుండా చెప్పింది. 2019లో డబ్లిన్ సభలో క్యాంప్‌బెల్ పేరిట ఉన్న పురస్కారం అందుకుంటూ జెనెట్ ఎంగ్ ఆయనను ఫాసిస్టు అంది. కొద్ది రోజుల్లోనే దానికి ‘అస్టౌండింగ్’ పురస్కారమని పేరు మారింది.

పోటీలోకే రానివాళ్ళు

అతిగా పొగిడినవాళ్ళ గురించి ఇంత మాట్లాడుకున్నాక, అసలు పొగడ్త అందనివాళ్ళ మాట రావాలి. స్త్రీల రచనలను ఎన్ని రకాలుగా పక్కకు నెట్టవచ్చో జొయానా రస్ 1983లో ఒక పుస్తకంలో వివరించింది: ఆమె రాయలేదనడం, రాసినా రాయకూడదనడం, రాసింది అసలు సాహిత్యమే కాదనడం. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ ఉదంతం దానికి నిదర్శనం. ఆ రచనలో మగతనం స్పష్టంగా ఉందనీ, ఆడది రాసి ఉండదనీ రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో ముందుమాటలో రాశాడు. కొద్ది కాలానికే ఆ రచయిత ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ అని బయటపడింది. తీర్పు చెప్పేవాడి కంట్లో ఏముందో ఇంత సూటిగా తేలిన సందర్భం మరొకటి లేదు.

కొందరికి పొగడ్త అందినా ఆలస్యంగా అందింది. బట్లర్ ‘కిండ్రెడ్’ 1979 నాటిది, ‘పారబుల్ ఆఫ్ ది సోవర్’ 1993 నాటిది. ఆమె 2006లో చనిపోయింది. ‘పారబుల్’ న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాకు ఎక్కింది 2020లో.

తెలుగులోనూ దీనికి పోలిక ఉంది. ‘చందమామ’లో ‘తోకచుక్క’, ‘మకరదేవత’ లాంటి సీరియల్స్ చదివి పెరిగిన తరాలకు వాటిని రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు చాలాకాలం తెలియదు, పత్రిక ఆయన పేరు వేయలేదు గనక. 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వచ్చినప్పుడు సమస్య తలకిందులైంది. పేరు ఊరూరా మోగింది, విమర్శకులు క్షుద్ర సాహిత్యమని తీసిపారేశారు. చేతబడిపై మూఢనమ్మకాలు పెంచుతుందన్న ఆరోపణ పట్టించుకోదగ్గదే. ఆ నవల పాఠకుడిని ఎలా భయపెట్టింది, ఏ పద్ధతులు వాడింది అన్న పరిశీలన మాత్రం ఆ గోలలో పక్కకు పోయింది.

వాదాలను పక్కపక్కన పెడితే

శైలినే కొలతగా పెట్టుకున్నవారు (విల్సన్, బ్లూమ్, కొంతవరకు జోషి) వాక్యాన్ని చూస్తారు. లవ్‌క్రాఫ్ట్ విశేషణాలు, అసిమోవ్ పాత్రలు ఆ కొలతకు దొరికిపోతాయి. కానీ ఊహే ప్రాణమైన ప్రక్రియలో ఈ కొలత ఒక్కటే సరిపోదు. ప్రభావాన్ని చూసేవారికి టోల్కీన్, క్యాంప్‌బెల్ తిరుగులేనివారు. అయితే ప్రభావానికీ ప్రతిభకూ తేడా ఉందని వాళ్ళు తరచూ మరిచిపోతారు. పాఠకుల ఓటును నమ్మేవారికి 2015 ఒక హెచ్చరిక: కొందరు ముందే జాబితాలు చేసి గుంపుగా ప్రతిపాదనలు వేస్తే హ్యూగోలో ఐదు విభాగాల్లో ఎవరికీ బహుమతి ఇవ్వకూడదని సభ్యులు ఓటు వేయాల్సి వచ్చింది. నైతిక కొలత పట్టుకున్నవారు తెరిచిన కిటికీలు అవసరమైనవే. పుస్తకం చదవకుండా రచయిత చరిత్ర మీదే తీర్పు చెప్పేవాళ్ళు కూడా ఆ కిటికీల్లోంచే లోపలికొస్తారు, ఆ కొలత బలహీనత ఇక్కడే ఉంది.

ఈ నాలుగింటికన్నా లవాల్, హాల్డ్‌మన్, మియేవిల్ చేసిన పనినే నేను ఎక్కువగా నమ్ముతాను. ఎదుటివాడి పుస్తకాన్ని పూర్తిగా చదివి, దాని బలాన్ని తీసుకుని, లోపమున్న చోట కొత్త కథ కట్టినవాళ్ళు వీళ్ళే.

ఇంకా తేలనివి

పూర్తికాని మాలికను ఎలా తూచాలి? జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఫాంటసీ మాలికలో ఐదో భాగం 2011లో వచ్చింది. టీవీ రూపం 2019లో ముగిసింది, దాని ముగింపు మీద కోపమంతా రాయని పుస్తకాల ఖాతాలో పడింది. తెరవల్ల పెరిగే, తరిగే పేరును పుస్తకం పేరునుంచి వేరు చేసే పద్ధతి ఎవరి దగ్గరా లేదు. ఫిలిప్ కె. డిక్ చనిపోయిన కొన్ని నెలలకే ‘బ్లేడ్ రన్నర్’ విడుదలైంది. ఆయన ఖ్యాతిలో సినిమా వాటా ఎంతో ఇప్పటికీ తేలలేదు.

అన్నిటికన్నా పెద్ద లోటు అనువాదంలో ఉంది. ఈ చర్చంతా దాదాపు ఇంగ్లీషులోనే నడిచింది. పోలిష్ రచయిత స్టానిస్లావ్ లెమ్ అమెరికన్ సైన్స్ ఫిక్షన్‌ను దాదాపు మొత్తంగా చెత్త అన్నాడు, డిక్‌ను ఒక్కడినే మినహాయించాడు. అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం ఆయనకు తాను ఇచ్చిన గౌరవ సభ్యత్వాన్ని 1976లో వెనక్కి తీసుకుంది. చైనా రచయిత లియు సిషిన్ 2015లో అనువాద నవలతో మొదటిసారి హ్యూగో గెలిచాక తలుపు కొంచెం తెరుచుకుంది. లెమ్‌ను మెచ్చినా తిట్టినా ఇంగ్లీషు పాఠకులు ‘సొలారిస్’ను నాలుగు దశాబ్దాలపాటు చదివింది పోలిష్ నుంచి ఫ్రెంచిలోకి, ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ప్రతిలో. పోలిష్ నుంచి నేరుగా చేసిన బిల్ జాన్‌స్టన్ అనువాదం 2011లో వచ్చింది. దాని వెలుగులో లెమ్ మీద పాత తీర్పులన్నిటినీ తిరిగి పరిశీలించే పని ఇంకా చాలా మిగిలే ఉంది.